కారు తాగే నీళ్ళు

ఒంగోలు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. నాలుగు పేజీల ఉత్తరం. అందులో మూడు పేజీలు వారి కారు గురించే. ఆ కారు కొని పదకొండేళ్ళయిందట. ఊళ్ళో తిరిగినంత సేపూ బుద్ధిగానే వుంటుందట. నెల్లూరు రోడ్డు ఎక్కి ఇరవై కిలోమీటర్లు పోయేసరికి మాత్రం వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పరుగు తీస్తుందట. ఇప్పటికి ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకాయన ఫ్యాను మార్చాడు. రెండో ఆయన "థర్మోస్టాటు పీకేశానమ్మా, ఇంక మీకు బెంగలేదు" అన్నాడు. మూడో ఆయన కారు అమ్మెయ్యమన్నాడు.

"దసరా వెళ్ళాక మా అత్తగారిని తిరుపతి కొండకు తీసుకువెళ్తానని మాట యిచ్చాను. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేరు. ఈ కారుతో కొండ ఎక్కవచ్చునా? లేక అమ్మెయ్యమంటారా? వారానికి రెండుసార్లు మేము నీళ్ళు పోస్తూనే వున్నాము" అని ఆఖరున అడిగారు.

ఆ చివరి వాక్యం చదివి ఉత్తరం పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను. ఆమెను తలచుకుని కాదు. మా బావగారు జ్ఞాపకం వచ్చి.

బావగారి కథ చెప్పే ముందు ఇంజను సంగతి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. ఇది కార్ల పిచ్చి వున్న వాళ్ళ విషయమని పేజీ తిప్పెయ్యకండి. వంటింట్లో రోజూ కుక్కరు పెట్టేవారికి యీ విషయం ఇంజనీర్ల కంటె తొందరగా బోధపడుతుందని నా నమ్మకం.

మనం నూరు రూపాయల పెట్రోలు పోస్తే చక్రాలు తిప్పడానికి పనికివచ్చేది సుమారు ముప్ఫయి రూపాయలది. తక్కినదంతా వేడి. అందులో కొంత పొగగొట్టం గుండా వెనక్కు పోతుంది. ఇంచుమించు అంత వేడీ ఇంజను గోడల్లోకి దిగుతుంది. సిలిండరు లోపల పెట్రోలు మండినప్పుడు పుట్టే వేడి రెండువేల డిగ్రీలు దాటుతుంది. ఇంజనులో చాలా భాగాలు అల్యూమినియంతో చేసినవి. ఆ లోహం 660 డిగ్రీలకే కరిగి నీరవుతుంది. అయినా కరగకుండా పదిహేనేళ్ళూ ఇరవయ్యేళ్ళూ పనిచేస్తోందంటే, దాని చుట్టూ క్షణం విరామం లేకుండా నీళ్ళు తిరగడం వల్లనే.

ఒక చిన్న పంపు ఆ నీళ్ళను తోస్తుంది. ఇంజను గోడల్లో వేడి పుచ్చుకున్న నీళ్ళు ముందున్న రేడియేటరుకు వస్తాయి. అక్కడ సన్నని గొట్టాల్లోంచి దిగుతూ, గొట్టాలకు అతికించిన పల్చని రేకుల మధ్యగా పోయే గాలికి వేడి అప్పగించి, మళ్ళీ ఇంజనులోకి పోతాయి. కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి చాలు. నిలబడినప్పుడు గాలిని లాగడానికి ఫ్యాను. మధ్యలో థర్మోస్టాటు అని ఒక ద్వారపాలకుడు. పొద్దున్నే చల్లగా వున్న ఇంజను త్వరగా వేడెక్కాలి గనుక నీళ్ళను రేడియేటరుకు పోనివ్వడు. 82 డిగ్రీలో, 88 డిగ్రీలో, కారును బట్టి, వేడి అంతకు వచ్చాక తలుపు తీస్తాడు.

ఇంక మూత. చూడడానికి వట్టి మూతే గాని, దాని కడుపులో ఒక స్ప్రింగు వుంది. మన కుక్కరు మీద పెట్టే వెయిటు చేసే పనే అది చేస్తుంది. లోపల ఒత్తిడి పెరగనిచ్చి నీళ్ళు నూరు డిగ్రీలకే మరగకుండా ఆపుతుంది. ఇప్పటి కార్లలో చాలా వాటికి లోపలి ఒత్తిడి కుక్కరు ఒత్తిడితో సమానం. అంటే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. ఆ మూత రబ్బరు చీకిపోయి ఒత్తిడి నిలవకపోతే, ఇంజనుకు ఏ జబ్బూ లేకపోయినా నీళ్ళు మరిగిపోతాయి. ఊటీకి వెళ్ళే వారికి యీ తేడా మరీ తెలుస్తుంది. అక్కడ 2,240 మీటర్ల ఎత్తులో, ఒత్తిడి లేకపోతే నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరగడం మొదలు పెడతాయి. మూత ఖరీదు తక్కువ గనుక ముందు దాన్ని మార్చి చూడడంలో తప్పులేదు. కాని సరయిన మూత వెయ్యాలి. పక్క కారుది సరిపోయింది గదా అని బిగించెయ్యకూడదు.

సరే, కారు వేడెక్కింది. ఏ భాగం చెడింది? ఇక్కడే అందరూ తొందరపడతారు. జ్వరమని వెళ్తే మంచి వైద్యుడు వెంటనే మందు రాయడు. "ఎప్పుడు వస్తోంది? సాయంత్రమా, రాత్రా? చలి పుడుతోందా?" అని అడుగుతాడు. ఇంజను జ్వరానికీ అదే మొదటి ప్రశ్న. ఎప్పుడు వేడెక్కుతోంది?

ఊళ్ళో, బళ్ళ రద్దీలో, ఎర్రదీపాల దగ్గర నిలబడినప్పుడే వేడెక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే చల్లబడితే లోపం గాలిలో వుంది. ఫ్యాను తిరగడం లేదన్న మాట. ఇప్పటి కార్లలో ఫ్యానుకు విడిగా కరెంటు మోటారు వుంటుంది గనుక పరీక్ష సులభం. కారు నిలిపి వుంచి, ఇంజను ఆపకుండా, ఏసీ వెయ్యండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, యీ మూడింటిలో ఏదో ఒకటి. మొదటి రెండూ చవకవి. అందుచేత మోటారే పోయిందని చెప్పే వారిని ఆ రెండూ చూశారా అని అడగడం మంచిది.

దీనికి తలకిందులుగా, ఊళ్ళో బాగుండి, పెద్ద రోడ్డు మీదా ఎత్తు ఎక్కేటప్పుడూ వేడెక్కితే తప్పు ఫ్యానుది కాదు. వేగం మీద ఎదురుగాలి కావలసినంత వుంటుంది. అప్పుడు అనుమానించవలసింది నీళ్ళ ప్రయాణాన్ని. నీళ్ళు తక్కువయి వుండాలి, లేదా రేడియేటరు గొట్టాలు పూడి వుండాలి, లేదా పంపు బలం తగ్గి వుండాలి, లేదా కింది రబ్బరు గొట్టం మెత్తబడి పంపు లాగే లాగుడుకు లోపలికి అణిగిపోతూ వుండాలి. ఈ ఆఖరిది మహా టక్కరి రోగం. కారు ఆపి చూసేసరికి గొట్టం మళ్ళీ ఉబ్బి యథాప్రకారం కనపడుతుంది.

బయలుదేరిన అయిదు నిమిషాలకే వేడెక్కితే థర్మోస్టాటు మూసుకుపోయిందేమో చూడాలి. పై గొట్టం కాలిపోతూ, కింది గొట్టం చల్లగా వుంటే అనుమానం బలపడుతుంది. దాన్ని విప్పించి యింట్లోనే పరీక్ష చెయ్యవచ్చు. పాత గిన్నెలో నీళ్ళు పోసి, అడుగు తగలకుండా దారంతో వేలాడగట్టి, పొయ్యి మీద పెట్టండి. నీళ్ళు మరిగేలోపు అది నోరు తెరవాలి. తెరవకపోతే దాని పని అయిపోయింది. అన్నట్టు ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడకండి. కారణం తరవాత చెబుతాను.

ఇంక మా బావగారి సంగతి. గుంటూరులో వుంటారు. ఆయనకు 1986లో కొన్న అంబాసిడరు కారొకటి వుంది. పాతకాలపు 1,489 సీసీ పెట్రోలు ఇంజను. 2014లో ఆ కార్ల తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివి, ఆ పూట ఆయన భోజనం సరిగా చెయ్యలేదని మా అక్కయ్య చెప్పింది. దాని మీద ఆయనకంత మమకారం. ఆ కారు వేడెక్కడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఊళ్ళో బాగానే వుండేది. విజయవాడ వెళ్ళి వచ్చినా పరవాలేదు. ఎత్తు కనిపిస్తే మాత్రం ఆవిరి కక్కేది. ఒక షెడ్డులో ఫ్యాను బెల్టు మార్చారు. ఇంకో షెడ్డులో థర్మోస్టాటు తీసి పారేశారు. మూడో షెడ్డులో కొత్త మూత వేశారు. దేనికదే మంచి పని కావచ్చు. ఎవరూ ఎప్పుడు వేడెక్కుతోందని మాత్రం అడగలేదు. మెకానిక్కులను అని లాభం లేదు. "సాయంత్రానికల్లా కావాలోయ్" అని మనమే వాళ్ళ నెత్తిన కూచుంటాము. ఆలోచించినందుకు మనం డబ్బివ్వము, సామాను మార్చినందుకు యిస్తాము.

2016 మే నెలలో బావగారికి శ్రీశైలం వెళ్ళాలని బుద్ధి పుట్టింది. అక్కయ్యా, మేనల్లుడూ, వాడి చంటి కూతురూ, నేనూ. తెల్లవారుజామున బయలుదేరి వినుకొండలో టిఫిను చేసి, త్రిపురాంతకం దాటి, దోర్నాల చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. అక్కడినుంచి యాభై కిలోమీటర్ల దాకా నల్లమల అడవిలో ఘాటు రోడ్డు. పులులుండే అడవి. దారిలో దిగి కూచోడానికి వీల్లేదు, రాత్రివేళ రాకపోకలు ఆపేస్తారు. నేను "కాస్త సేపు ఇంజనుకు విశ్రాంతి యిద్దాం బావా" అన్నాను. "దాని సంగతి నాకు తెలుసు లేవోయ్. రెండు లీటర్లు నీళ్ళు పోశాను" అన్నారాయన.

మలుపు మీద మలుపు. రెండో గేరులో మెల్లగా పోతున్నాము. ఇంజను శక్తినంతా లాగుతోంది, ఎదురుగాలి మాత్రం లేదు. పది మలుపులయినా తిరిగామో లేదో, ముందు రేకు కింద నుంచి తెల్లటి ఆవిరి లేచింది. ఆ కారులో వేడి చూపే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది గనుక మాకు ఆవిరే సూచన. పక్కకు ఆపాము. నిమిషంలో నాలుగు కోతులు వచ్చి పిట్టగోడ మీద కూచున్నాయి. పిల్ల ఏడుపు లంకించుకుంది. మా మేనల్లుడు తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటరు మూత మీద చెయ్యి వేశాడు.

నేను అరిచిన అరుపుకు కోతులు కూడా దిగిపోయాయి.

నా కుడి మోచేతి నుంచి మణికట్టు దాకా ఒక మచ్చ వుంది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఒక స్నేహితుని జీపు రోడ్డు మీద ఆగితే, వాడి కంటె నాకు ఎక్కువ తెలుసని చూపించుకోవడానికి యిలాగే తువ్వాలు చుట్టుకుని మూత తిప్పాను. అంతవరకు లోపల ఒత్తిడిలో అణిగివున్న నీళ్ళు మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరవుతాయి. నీళ్ళు ఆవిరయితే పదహారు వందల రెట్లకు పైగా పెరుగుతాయని చదువుకున్న వాణ్ణే. చదువు చేతిదాకా రాలేదు. మొహం పక్కకు తిప్పి వుండబట్టి కళ్ళు దక్కాయి. మూడు వారాలు అరిటాకు మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నాను. తువ్వాలు రక్షించదు, మరిగే నీళ్ళు తాగి చేతికి అంటుకుపోతుంది. ఈల వేస్తున్న కుక్కరు మూత ఎవరయినా బలవంతాన లాగుతారా? అక్కడ ఆవిరి పోయేదాకా ఆగేవాళ్ళం యిక్కడ ఎందుకు ఆగలేము?

"ముట్టుకోకు మామయ్యా అంటే పోయేదిగా, అంత అరవాలా" అని వాడు నా మీద విసుక్కున్నాడు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాను. ఇంక మాట్లాడలేదు.

యాభై నిమిషాలు ఆగాము. ఆ ఖాళీలో నేను చేసిన పని ఒక్కటే. కాసేపయాక, ఇంజను ఆపి వుండగా, వెనక వైపు నుంచి చెయ్యి పోనిచ్చి రేడియేటరును పైనుంచి కిందికి తడిమి చూశాను. అది బెల్టుతో తిరిగే ఫ్యాను గనుక ఇంజను ఆగితే అదీ ఆగుతుంది, భయం లేదు. ఇప్పటి కార్లలో యీ పని చెయ్యకండి. కరెంటు ఫ్యాను ఇంజను ఆపినా దానంతటదే తిరగవచ్చు, వేళ్ళు పోతాయి. అంబాసిడరు రేడియేటరులో నీళ్ళు పైనుంచి కిందికి దిగుతాయి. పైన బాగా వేడిగా వుండి, కిందికి పోయేకొద్దీ అంతటా సమంగా తగ్గుతూ రావాలి. కాని నా చేతికి ఎడమ పక్క సగందాకా దాదాపు చల్లగా తగిలింది. అంటే ఆ పక్క గొట్టాల్లో నీళ్ళు దిగడమే లేదు. సగం రేడియేటరుతో ఊళ్ళో తిరగవచ్చు, విజయవాడ పోయి రావచ్చు. కొండ ఎక్కడానికి చాలదు.

చల్లబడ్డాక గుడ్డ వేసి మూతను మొదటి మెట్టు దాకా తిప్పి, బుస్సుమన్న చప్పుడు ఆగేదాకా వుండి, అప్పుడు తీశాము. తాగడానికి తెచ్చుకున్న క్యానులోని నీళ్ళు, ఇంజను తిరుగుతూండగా, కొంచెం కొంచెంగా పోశాము. కాలుతున్న ఇంజనులో చన్నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరిస్తే పోతపోసిన ఇనుమయినా పగుళ్ళిస్తుంది. తరవాత రెండు చోట్ల ఆగుతూ సాయంత్రానికి శ్రీశైలం చేరాము. బావగారు స్వామికి ఏమని మొక్కుకున్నారో గాని, తిరుగుదారిలో కారు గురించి మాట్లాడలేదు.

గుంటూరు వచ్చాక రేడియేటర్లు బాగుచేసే ఒక ముసలి పనివాడి దగ్గరకు తీసుకుపోయాను. ఆయన టంకం కరిగించి పై టాంకీ విప్పాడు. లోపల చూసి బావగారు నోరు తెరిచారు. గొట్టాల నోళ్ళన్నీ తెల్లగా, సున్నం కొట్టినట్టున్నాయి. ఎడమ వైపువి పూర్తిగా పూడిపోయాయి. మన వైపు చాలా బోరు బావుల్లో నీళ్ళు ఎలాంటివో మీకు తెలియనిది కాదు. బకెట్టుకూ, గీజరుకూ, స్నానాలగదిలో కొళాయికీ పట్టే ఆ తెల్లటి గారే యిది. వేడి తగిలేకొద్దీ నీళ్ళలోని సున్నం పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటకు పోనివ్వదు, నీళ్ళను కిందికి దిగనివ్వదు. ఆయన సన్నని బద్దలాంటి రేకు ఒక్కొక్క గొట్టంలోనూ దూర్చి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా గీకాడు. రాలిన పొడిని కాగితం మీద పోసి బావగారి చేతికిచ్చాడు. గుప్పెడు.

అక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కాని నాకొక సందేహం మిగిలింది. ఒకసారి నింపిన నీళ్ళలో వుండే సున్నం ఎంత? చిటికెడుంటే గొప్ప. గుప్పెడు సున్నం పేరుకోవాలంటే ఎన్ని బకెట్ల బోరునీళ్ళు ఆ రేడియేటరులో పడి వుండాలి!

"బావా, రోజుకు ఎన్ని నీళ్ళు పోస్తారు?" అన్నాను.

"ఒక చెంబు. రోజూ పొద్దున్న నేనే పోస్తాను" అన్నారు కించిత్తు గర్వంగా.

"ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి?"

ఆయన నాకేసి జాలిగా చూశారు. "ఎక్కడికి పోవడమేమిటోయ్? ఇంజను తాగుతుంది. పెట్రోలు తాగడం లేదూ?"

ముప్ఫయ్యేళ్ళుగా ఆయన నమ్మకం అది. ఆయన ఒక్కరిదే కాదు, కారున్న వాళ్ళలో చాలా మందికి యిదే నమ్మకం. నిజమేమిటంటే ఇంజను నీళ్ళు తాగదు. పెట్రోలు మండి పోతుంది గనుక పోస్తూ వుండాలి. నీళ్ళు తిరిగినచోటే తిరుగుతాయి. మూసివున్న కుండలో నీళ్ళలాగా వుండవలసినవి. పాత కార్లలో ఎప్పుడో కాస్త తగ్గితే తగ్గవచ్చు. రోజుకొక చెంబు తగ్గుతున్నాయంటే, అవి ఎటో పోతున్నాయన్నమాట.

ఆ రాత్రి కారు కింద ఒక దినపత్రిక పరిచాము. తెల్లారేసరికి సరిగ్గా నీళ్ళ పంపు కింద వచ్చేచోట రూపాయి బిళ్ళంత తడి మరక. పంపు ఇరుసు కింద ఒక చిన్న బెజ్జం వుంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్ళు ఆ బెజ్జంలోంచి కారతాయి. సీలు పోయిందని మనకు తెలియజెయ్యడానికే ఆ బెజ్జం పెట్టారు. రెండేళ్ళుగా అది చుక్క చుక్కగా చెబుతూనే వుంది. బావగారు చెంబుతో సమాధానం చెబుతున్నారు. ఆగివుంటే చుక్క, ఇంజను తిరుగుతూ లోపల ఒత్తిడి పెరిగాక ధార. వేడి రోడ్డు మీద పడిన నీళ్ళు వెంటనే ఆరిపోతాయి గనుక ఎవరి కంటా పడలేదు. మూడు షెడ్లలో పెట్టిన ఖర్చు ముందు ఆ సీలు ఖరీదు కాఫీ ఖర్చు.

కారిందని నీళ్ళు పోశారు, పోసినందువల్ల సున్నం పేరింది, సున్నం పేరి కొండ మీద కారు ఆగింది. బెల్టూ, మూతా, థర్మోస్టాటూ పాపం యీ వరసలో ఎక్కడా లేవు.

పారేసిన థర్మోస్టాటు స్థానంలో కొత్తది పెట్టించాము. దాన్ని పీకెయ్యడం మన దేశంలో ఒక ఆచారమయిపోయింది. "మనది వేడి దేశం సార్, మనకెందుకు?" అంటారు. అది లేకపోతే ఇంజను సరయిన వేడికి రావడానికి చాలా సేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాటు తెరుచుకున్నప్పుడు అడ్డదారిని మూసేస్తుంది. అది లేకపోతే నీళ్ళలో కొంత భాగం రేడియేటరుకు పోకుండానే అడ్డదారిన ఇంజనులోకి తిరిగి వస్తుంది. చల్లబడాలని తీసిందే వేడికి కారణమవుతుంది.

కారు కింద పత్రిక పరిచినా తడి కనిపించకపోతే ఏమిటి? అప్పుడు కాస్త భయపడవలసిందే. నీళ్ళు లోపలే కారుతూ వుండవచ్చు. ఇంజను తలకూ మొండేనికీ మధ్య గాస్కెట్టు అని పల్చని బిళ్ళ వుంటుంది. అది కాలిపోతే నీళ్ళు సిలిండరులోకి పోయి తెల్లటి పొగగా బయటకు వస్తాయి. లేదా ఆయిలులో కలుస్తాయి. ఆయిలు పోసే మూత విప్పి చూడండి. దాని అడుగున మీగడలాంటి నురగ, ఆయిలు కడ్డీ మీద పాలు పోసిన కాఫీరంగూ కనిపిస్తే కారు కదపకండి. పొద్దున్నే, పూర్తిగా చల్లగా వున్నప్పుడు మూత తీసి ఇంజను తిప్పితే నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తున్నా అదే సంగతి. ఇది పెద్ద పని, నమ్మకమైన చోట చేయించాలి. చాలా సార్లు యీ గాస్కెట్టు దానంతటది పోదు. ఎర్రగీత దాటాక కూడా "ఇంకో పది కిలోమీటర్లే గదా" అని నడిపిన వారికే పోతుంది.

ఇప్పటి కార్లలో మామూలు నీళ్ళు కాక కూలెంటు పోస్తారు. ఆకుపచ్చగానో, గులాబి రంగుగానో వుంటుంది. అది తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడిని కాస్త పెంచుతుంది. కలపవలసి వస్తే డిస్టిల్డు వాటరే కలపాలి. రంగు వుంది గనుక కారినప్పుడు కనిపెట్టడం సులభం. కాని చాలా కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ అనే విషం వుంటుంది. తియ్యగా వుంటుంది, అదే ప్రమాదం. పిల్లలు సీసా చూసి షర్బతనుకుంటారు, కుక్కలు కారినదాన్ని నాకుతాయి. కిడ్నీలు పోతాయి. గిన్నె వంటకు వాడవద్దన్నది అందుకే. మిగిలిన సీసా అటక మీద, పిల్లలకు అందనిచోట పెట్టండి. మంచినీళ్ళ సీసాలో మాత్రం పొయ్యకండి.

దారిలో వేడెక్కితే చెయ్యవలసినది పెద్దగా లేదు. ఏసీ ఆపాలి. హీటరు వున్న కారయితే అది పూర్తిగా వేసి, అద్దాలు దించుకోవాలి. మే నెలలో హీటరేమిటని నవ్వకండి. అదొక చిన్న రేడియేటరు, ఇంజను వేడిని కొంత మన మొహం మీదికి లాగేస్తుంది. దాంతో ముల్లు దిగకపోతే పక్కకు ఆపి, ఇంజను ఆపి, కనీసం అరగంట, వీలయితే గంట ఆగాలి. ఇంకొక సంగతి. ఎర్రగీత దాకా పోయిన ముల్లు హఠాత్తుగా చల్లదనం వైపు పడిపోతే సంతోషించకండి. నీళ్ళన్నీ పోయి, వేడి కొలిచే పరికరానికి తగలడానికి నీళ్ళే లేకపోతే అలా పడుతుంది. అప్పుడు వెంటనే ఆపాలి.

ఒంగోలు సోదరికి నా జవాబు. అమ్మా, మీ కారు ఊళ్ళో బాగుండి రోడ్డు మీద వేడెక్కుతోంది గనుక ఫ్యాను మార్చవలసిన అవసరం లేకపోయింది. ఆ డబ్బు ఎలాగూ పోయింది. వారానికి రెండుసార్లు నీళ్ళు పోస్తున్నామని రాశారు. అసలు జబ్బు అక్కడుంది. ఈ రాత్రే కారు కింద పత్రిక పరచండి. యీ పత్రికే కావచ్చు, చదవడం అయిపోయాక. తడి కనబడితే అది ఏ భాగం కింద వుందో మెకానిక్కుకు చూపించండి. కనబడకపోతే ముందు సీట్ల కింద తివాచీ తడిగా వుందేమో తడమండి, హీటరు కారినా అలా అవుతుంది. అక్కడా లేకపోతే ఆయిలు మూత చూడండి. కారుడు కట్టించాక రేడియేటరు శుభ్రం చేయించి, కింది రబ్బరు గొట్టం గట్టిగా వుందో లేదో చూపించి, థర్మోస్టాటు మళ్ళీ పెట్టించండి. తరవాత కూలెంటు నింపి, డబ్బా మీద గీత దగ్గర పెన్నుతో తేదీ రాయండి. పది రోజులు నీళ్ళు ముట్టుకోకుండా తిరగండి. మట్టం దిగకపోతే నెల్లూరు దాకా ఒకసారి పోయి రండి. ముల్లు కదలకపోతే అత్తగారిని బయలుదేరదియ్యండి. కారు అమ్మే మాట అప్పటిదాకా ఎత్తకండి.

కొండ ఎక్కేటప్పుడు చిన్న గేరులో, ముందు బస్సును దాటాలనే పంతం లేకుండా పోనివ్వండి. వచ్చాక ఒక కార్డు ముక్క రాయండి. దర్శనం ఎలా అయిందో అత్తగారిని అడిగి తెలుసుకుంటాను గాని, గీత దగ్గర మట్టం ఎక్కడుందో మాత్రం మీరు చూసి రాయాలి.